కాయఫలం అంటే కాయ కాదు, బెరడు: మైరికేసి కుటుంబం చుట్టూ అల్లుకున్న పేర్ల చిక్కు

విజయనగరంలో మూలికలు అమ్మే దుకాణానికి వెళ్లి కాయఫలం అడిగితే, దుకాణదారు సొరుగు లాగి ఎర్రమట్టి రంగు బెరడు ముక్కలను తూచి పొట్లం కడతాడు. పేరులో కాయ ఉంది, ఫలమూ ఉంది. చేతికి వచ్చేది మాత్రం చెట్టు బెరడు. సంస్కృతంలో కట్ఫలమని, హిమాలయ ప్రాంతంలో కాఫల్ అని పిలిచే ఆ చెట్టుకు పుల్లగా తియ్యగా ఉండే ఎర్రటి పండ్లు నిజంగానే కాస్తాయి. కానీ కోసిన రెండు మూడు రోజులకే అవి చెడిపోతాయి గనుక కొండ దిగి మన దాకా రాలేవు, ఎండబెట్టిన బెరడు ఎంత దూరమైనా వస్తుంది. అలా పండును బట్టి పుట్టిన పేరు మన దుకాణాల్లో బెరడుకు స్థిరపడిపోయింది.

ఈ చెట్టు గురించి కొంచెం లోతుగా చదవబోయేవారికి అసలు చిక్కు ఆ తర్వాత ఎదురవుతుంది. ఒక పుస్తకంలో దీని శాస్త్రీయ నామం మైరికా ఎస్క్యులెంటా అని ఉంటుంది, మరొక దానిలో మోరెల్లా ఎస్క్యులెంటా అని ఉంటుంది, పాత వైద్య గ్రంథాల్లోనూ రసాయనశాస్త్ర పత్రాల్లోనూ మైరికా నాగి అని కనిపిస్తుంది. ఇవి మూడు చెట్లా, ఒకే చెట్టుకు మూడు పేర్లా? ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పవచ్చు గాని, ఆ జవాబు నమ్మదగినదిగా అనిపించాలంటే ఈ చెట్టు పుట్టిన మైరికేసి కుటుంబం ఏమిటో, దాని బంధువులు ఎవరో, వృక్షశాస్త్రజ్ఞులు పేర్లు ఏ నియమం మీద పెడతారో మొదటి నుంచి చూడాలి. శ్రీకాకుళం, విజయనగరం తీరంలో పుట్టి పెరిగినవారికి ఇందులో ఒక సౌకర్యం ఉంది. ఈ కుటుంబానికి దగ్గరి చుట్టమైన సరుగుడు మన కళ్ల ముందే ఉంది.

ఇంటిపేరు, పేరు, గోత్రం: నాలుగు మాటలకు అర్థం

ఒక మొక్క శాస్త్రీయ నామంలో రెండు మాటలుంటాయి. మొదటిది ప్రజాతి పేరు, రెండోది జాతిని గుర్తించే పేరు. తెలుగువారికి ఇది కొత్త పద్ధతి కాదు, మనమూ ఇంటిపేరు ముందు రాసి అసలు పేరు తర్వాత రాస్తాం. మైరికా ఎస్క్యులెంటా అన్నప్పుడు మైరికా ఇంటిపేరు, ఎస్క్యులెంటా ఆ ఇంట్లోని వ్యక్తి పేరు. ఆ లాటిన్ మాటకు తినదగినది అని అర్థం. దగ్గరి పోలికలున్న ప్రజాతులను కలిపితే కుటుంబం అవుతుంది, దగ్గరి కుటుంబాలను కలిపితే క్రమం అవుతుంది. మైరికేసి ఒక కుటుంబం, అది ఫాగేలిస్ అనే క్రమంలో ఉంది.

అయితే ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన గోత్రం ఒకటి కానట్టే, వాడుకలో పేర్లు కలిసినంత మాత్రాన మొక్కలు బంధువులు కావు. మైరికేసిని ఇంగ్లీషువారు వాక్స్ మిర్టిల్ కుటుంబం అంటారు. అసలైన మిర్టిల్ మధ్యధరా సముద్ర ప్రాంతపు పొద, అది మిర్టేసి కుటుంబానికి చెందినది. మన నేరేడు, జామ, లవంగం, రైతులు జామాయిల్ అని పిలిచే నీలగిరి చెట్టు అన్నీ ఆ మిర్టేసిలోనివే. వాటికి స్పష్టమైన రెక్కలు, గుత్తిగా కేసరాలు, తేనెటీగలను పిలిచే పూలు ఉంటాయి. మైరికేసి పూలకు రెక్కలే లేవు. ఆకు నలిపితే సువాసన రావడం, ఆకు ఆకారం కొంత పోలి ఉండడం తప్ప రెండింటికీ సంబంధం లేదు. మైరికా అన్న మాట కూడా మొదట ఈ మొక్కది కాదు, ప్రాచీన గ్రీకులు దాన్ని తమరిక్స్ పొదకు వాడేవారు. జాజికాయ ప్రజాతి పేరు మిరిస్టికాను చూసి దానికీ దీనికీ చుట్టరికం కలిపేవారు కూడా ఉన్నారు, కానీ జాజికాయ పుష్పించే మొక్కల్లో పూర్తిగా వేరే కొమ్మ మీద ఉంది.

మైనం అన్న పేరూ సరికాదు

వాక్స్ మిర్టిల్ అన్న పేరులో మిర్టిల్ ఎంత తప్పో, రసాయనశాస్త్రం దృష్టిలో వాక్స్ కూడా దాదాపు అంతే తప్పు. ఉత్తర అమెరికా తూర్పు తీరంలో పెరిగే మైరికా సెరిఫెరా, మైరికా పెన్సిల్వానికా అనే జాతుల చిన్న చిన్న గుండ్రని కాయల మీద బూడిద తెలుపు రంగులో మందమైన పూత ఉంటుంది. ఐరోపా నుంచి అక్కడికి వలస వెళ్లినవారు ఆ కాయలను నీటిలో మరిగించి, పైకి తేలిన పూతను తీసి, సువాసన గల కొవ్వొత్తులు చేసుకునేవారు. కాయలు చాలా పోగుచేస్తే గాని కొద్దిపాటి కొవ్వొత్తికి సరిపడా రాదు.

తేనెమైనం వంటి నిజమైన మైనంలో పొడవైన ఆల్కహాలు, పొడవైన కొవ్వు ఆమ్లం కలిసి ఉంటాయి. ఈ కాయల పూతలో ఉన్నవి అవి కావు, గ్లిసరాల్‌తో కూడిన సంతృప్త కొవ్వులు, ముఖ్యంగా పామిటిక్, మిరిస్టిక్ ఆమ్లాలవి. అంటే నిర్మాణంలో ఇది తేనెమైనం కన్నా చలికాలం సీసాలో గడ్డకట్టిన మన కొబ్బరినూనెకు, సీతంపేట కొండల్లో గిరిజనులు తీసే ఇప్పనూనెకు దగ్గర. తేడా ఏమిటంటే కొబ్బరిలో, ఇప్పలో ఆ కొవ్వు గింజ లోపల దాగి ఉంటుంది, ఇక్కడ కాయ బయట స్ఫటికాల్లా పేరుకుంటుంది. మైరికా పెన్సిల్వానికా మీద 2016లో ప్రచురితమైన పరిశోధన ప్రకారం ఎండిన కాయ బరువులో ఈ పూత 32 శాతం దాకా చేరుతుంది. మొక్క ఉపరితలం మీద ఇంత కొవ్వు పేరుకోవడం అంతకు ముందు మరెక్కడా నమోదు కాలేదు, పైగా ఆ కొవ్వు తయారయ్యే మార్గం కూడా గింజల్లో నూనె తయారయ్యే మార్గానికి భిన్నమైనదని ఆ పరిశోధకులు చూపారు.

మొక్క ఇంత ఖర్చు ఎందుకు పెడుతుందంటే పక్షుల కోసం. ఇలాంటి గట్టి కొవ్వును చాలా పక్షులు జీర్ణించుకోలేవు. పసుపు నడుము వార్బ్లర్ అనే చిన్న పిట్ట మాత్రం జీర్ణించుకోగలదు, అందుకే పురుగులు దొరకని చలికాలంలో కూడా తన తోటి జాతులకన్నా ఉత్తరాన నిలిచి బతుకుతుంది, విత్తనాలను అంతటా చేరవేస్తుంది.

ఇదే కుటుంబంలో కాయఫలం చెట్టు, చైనాలో యాంగ్‌మే పేరుతో విస్తారంగా సాగుచేసే మైరికా రూబ్రా మరో దారి పట్టాయి. వాటి కాయల మీద కూడా అలాంటి చిన్న బుడిపెలే ఉంటాయి, కానీ అవి కొవ్వుతో కాక రసంతో నిండుతాయి. కాఫల్ పండును నోట్లో వేసుకున్నప్పుడు తగిలే గరుకు రసగుజ్జూ, అమెరికాలో కొవ్వొత్తికి పనికివచ్చిన పూతా ఒకే భాగానికి రెండు రూపాలన్నమాట. ఈ కుటుంబంలో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించిన సంగతి ఇది.

సరుగుడు తోటలో నిలబడి మైరికేసిని గుర్తుపట్టడం

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా సముద్రతీరాన సరుగుడు తోటలు పెంచుతారు. సూదుల్లా కనిపించే పచ్చని ఈనెలను సరుగుడు ఆకులని మనం అంటాం గాని, అవి నిజానికి సన్నని కొమ్మలు. ఆ ఈనెను కణుపు దగ్గర పట్టి లాగితే తెగుతుంది. తెగిన చోట భూతద్దంతో చూస్తే చుట్టూ కిరీటంలా ఆరు నుంచి ఎనిమిది చిన్న పళ్లు కనిపిస్తాయి. అవే దాని ఆకులు. మగ పూలు ఈనె చివర సన్నని కంకిలో ఉంటాయి, ఒక్కో పువ్వుకు ఒకే కేసరం. ఆడ పూలు కొమ్మల పక్కన చిన్న గుండ్రని గుత్తులుగా, ఎర్రని కీలాలు బయటికి చాచి ఉంటాయి. రెక్కలు లేవు, తేనె లేదు. పుప్పొడిని గాలే మోస్తుంది.

ఇప్పుడు ఈ చెట్టుకు సూది ఈనెల బదులు మామూలు ఆకులు తగిలించి చూద్దాం. కొమ్మ మీద ఒకదాని తర్వాత ఒకటిగా ఏకాంతరంగా అమరిన, అంచున అక్కడక్కడ రంపపు పళ్లున్న సామాన్య పత్రాలు. వాటి మీద కంటికి చుక్కల్లా కనిపించే పసుపు లేదా బంగారు రంగు గ్రంథులు, ఆకు నలిపితే వచ్చే ఘాటైన వాసనకు అవే కారణం. పూలు సరుగుడులాగే ఏకలింగకాలు, అంటే మగవి వేరు, ఆడవి వేరు, చిన్న కంకుల్లో ఉంటాయి, పరిపత్రం, అంటే రెక్కలు, రక్షకపత్రాల వలయం, ఉండదు. ఆడ పువ్వులో రెండు ఫలదళాలు కలిసి ఒకే గది గల అండాశయం అవుతాయి. లోపల అడుగు నుంచి నిటారుగా లేచిన ఒకే ఒక అండం, పైన రెండు కీలాలు. కాయలో ఒకే గింజ. ఇదే సామాన్యమైన మైరికేసి మొక్క రూపం.

చాలా జాతుల్లో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. కానీ ఐరోపా, ఉత్తర అమెరికా బురద నేలల్లో పెరిగే మైరికా గేల్ అనే పొద ఈ విషయంలో స్థిరంగా ఉండదు. ఒక సంవత్సరం మగ పూలు పూసిన మొక్క మరో సంవత్సరం ఆడ పూలు పూయవచ్చునని 1917 నాటికే గమనించారు. మొక్క లింగం శాశ్వతమైన గుర్తు అనుకుని వర్గీకరించబోయేవారికి ఇది మంచి హెచ్చరిక.

ఆముదం, పనస, సరుగుడు ఒకే గూటిలో ఉన్న కాలం

మన కళాశాలల్లో డిగ్రీ వృక్షశాస్త్రం చదివినవారందరికీ బెంథామ్, హుకర్ వర్గీకరణ గుర్తుండే ఉంటుంది. 1862 నుంచి 1883 వరకు సంపుటాలుగా వెలువడిన ఆ పద్ధతిలో మైరికేసి, సరుగుడు కుటుంబమైన కాజువరైనేసి రెండూ మోనోక్లామిడే అనే విభాగంలో, యూనిసెక్సువేల్స్ అనే శ్రేణిలో ఉన్నాయి. ఆ పేరుకు అర్థం ఏకలింగక పుష్పాలు గలవి అని. అదే శ్రేణిలో ఆముదం కుటుంబం ఉంది. మర్రిని, పనసను కూడా కలుపుకొన్న నాటి అర్టికేసి ఉంది. ఉద్దానంలోని ఒక తోటను తలచుకుంటే ఈ పద్ధతి బలమూ బలహీనతా ఒకేసారి తెలుస్తాయి. పనసలో మగ, ఆడ కంకులు వేరు. గట్టు మీది ఆముదంలో మగ, ఆడ పూలు వేరు. తోట అంచున గాలికి అడ్డుగా నాటిన సరుగుడులోనూ అంతే. పూలు చూసి వేరుచేయడానికి, చేతిలోని మొక్కకు పేరు కనుక్కోవడానికి ఆ పద్ధతి ఇప్పటికీ అనుకూలమైనదే. కానీ ఏకలింగక పుష్పం అన్న లక్షణం వేర్వేరు వంశాల్లో వేర్వేరుగా, ఎన్నోసార్లు పుట్టింది. అది బంధుత్వానికి సాక్ష్యం కాలేదు.

జర్మనీకి చెందిన ఎంగ్లర్ ఇంకో అడుగు వేశాడు. రెక్కలు లేని, ఒకే కేసరం గల పువ్వు అన్నిటికన్నా సరళమైనది గనుక అన్నిటికన్నా ప్రాచీనమైనది కూడా అయి ఉండాలని తలచి, ద్విదళబీజాల వరుసలో మొట్టమొదటి స్థానం సరుగుడుకిచ్చాడు. జావాలో పనిచేసిన ట్రూబ్ 1891లో, సరుగుడు పుప్పొడి నాళం అండంలోకి మామూలుగా వెళ్లే పైరంధ్రం గుండా కాక అడుగు వైపు నుంచి చొచ్చుకుపోతుందని కనుగొన్నప్పుడు, ఈ చెట్టు మిగతా పూల మొక్కలన్నిటికీ భిన్నమైనదన్న భావన మరింత బలపడింది. ఆయన పుష్పించే మొక్కలను ఈ ఒక్క లక్షణం మీద రెండుగా విడదీయాలని కూడా ప్రతిపాదించాడు. కొన్నేళ్లకే అదే తీరు భూర్జవృక్షంలో, అక్రోటు చెట్టులో కూడా బయటపడింది. వేరుచేస్తుందనుకున్న లక్షణం చివరికి బంధువులను కలిపింది.

ఎంగ్లర్‌కు ఎదురుగా ఉన్న వాదన ఏమిటంటే, సరళంగా కనిపించేదల్లా ప్రాచీనం కానక్కరలేదు, ఉన్నదాన్ని పోగొట్టుకుని కూడా సరళం కావచ్చు. పుప్పొడిని గాలికి అప్పగించిన మొక్కకు రెక్కలు, రంగు, తేనె దండగ. తరతరాలుగా అవి తగ్గిపోయి చివరికి ఒక కేసరం, ఒక కీలం మిగులుతాయి. కలప నిర్మాణం, పుప్పొడి రేణువుల పోలికలు, శిలాజాలు క్రమంగా ఈ రెండో వాదం వైపు మొగ్గాయి. డీఎన్‌ఏ ఆధారాలు వచ్చాక సందేహం తీరింది. ఈ కంకుల చెట్లన్నీ గులాబీ, చిక్కుడు, దోస వంటివి ఉన్న పెద్ద కొమ్మ లోపల పుట్టినవే. అయినా ఎంగ్లర్‌ను తక్కువ చేయడం న్యాయం కాదు. ఆ కాలానికి ఆయన దగ్గర ఉన్న సాక్ష్యం పువ్వు ఒక్కటే.

అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు క్రాంక్విస్ట్ 1981 నాటికి కూడా మైరికేసిని మైరికేలిస్ అనే ప్రత్యేక క్రమంగానే ఉంచాడు. 1998లో ఆంజియోస్పెర్మ్ ఫైలోజెనీ గ్రూప్ అనే శాస్త్రవేత్తల బృందం డీఎన్‌ఏ ఆధారంగా చేసిన వర్గీకరణలో అది ఫాగేలిస్‌లో కలిసింది. 2016 నాటి నాలుగో రూపంలో ఆ క్రమంలో ఏడు కుటుంబాలున్నాయి.

ఆ ఏడింటిలో అయిదు మనకు ఇళ్లలోనే తెలుసు

ఫాగేలిస్ అన్నది చలిదేశాల క్రమమని, మనకు సంబంధం లేనిదని పాఠ్యపుస్తకం చదివితే అనిపిస్తుంది. కానీ మూలికల దుకాణంలో సొరుగులు వరుసగా తెరిపించి చూడండి. పసిపిల్లలకు అరగదీసి వాడే మాచికాయ నిజానికి కాయ కాదు, ఓక్ చెట్టు రెమ్మ మీద ఒక చిన్న కందిరీగ గుడ్లు పెట్టినప్పుడు చెట్టు కట్టే బుడిపె. ఓక్ చెట్టు ఫాగేసి కుటుంబానిది. యంత్రాలు రాయడానికి కొనే భూర్జపత్రం హిమాలయాల్లోని భూర్జవృక్షపు బెరడు పొర, అది బెట్యులేసి. అక్రోటు జుగ్లాండేసి. కాయఫలం మైరికేసి. దుకాణం ముందు పందిరి గుంజలు సరుగుడువి, అంటే కాజువరైనేసి. మిగిలిన రెండింటిలో నోథోఫాగేసి దక్షిణార్ధగోళపు అడవుల్లో ఉంది, టికోడెండ్రేసి మెక్సికో, మధ్య అమెరికాలలో ఒకే ఒక జాతితో ఉంది. 1989 దాకా శాస్త్రానికి దాని ఉనికే తెలియదు.

వీటిలో మైరికేసికి అందరికన్నా దగ్గరివారు ఎవరు? ఎక్కువ విశ్లేషణలు అక్రోటు కుటుంబాన్ని దాని తోబుట్టువుగా చూపుతాయి, సరుగుడును భూర్జవృక్షం వైపు నిలుపుతాయి. ఆకు నలిపితే వాసన రావడం, ఆకు మీది గ్రంథులు అక్రోటు చెట్టులోనూ ఉన్నాయి గనుక బయటి లక్షణాలు కూడా దీనికి కొంత బలమిస్తాయి. కానీ వాడిన జన్యుభాగాన్ని బట్టి ఈ స్థానం కొంత మారుతూ వచ్చింది, క్రమంలో మిగతా కొమ్మలంత గట్టిగా ఇది నిలబడలేదు. వేళ్ల సంగతి చూస్తే మైరికేసి, సరుగుడు పక్కపక్కన నిలబడతాయి.

వేరు బుడిపెలు చెప్పే చుట్టరికం

వేరుశనగ పీకినప్పుడు వేళ్లకు చిన్న బుడిపెలుంటాయని, గాలిలోని నత్రజనిని పట్టి నేలకు బలమిచ్చేవి అవేనని రైతులందరికీ తెలుసు. పచ్చిరొట్టకు జీలుగ చల్లేది కూడా అందుకే. ఆ బుడిపెల్లో ఉండేది రైజోబియం బాక్టీరియా. సరుగుడు మొక్కను ఇసుకలోంచి జాగ్రత్తగా తవ్వి తీస్తే దాని వేళ్లకూ బుడిపెలు కనిపిస్తాయి, కానీ అవి వేరుశనగవిలా గుండ్రని పూసలు కావు, పగడపు గుత్తుల్లా కొమ్మలు కొమ్మలుగా ఉంటాయి, ఏళ్ల తరబడి పెరుగుతాయి. వాటిలో నివసించేది ఫ్రాంకియా అనే, దారాల్లా పెరిగే మరో రకం బాక్టీరియా. మైరికేసి వేళ్లలోనూ ఇదే ఫ్రాంకియా ఉంటుంది. ఇంకో విశేషం, ఈ రెండు కుటుంబాల బుడిపెల చివరల నుంచి సన్నని వేళ్లు భూమి లోపలికి కాక పైకి పెరుగుతాయి. ఇసుక నేలలో, బురద నేలలో బుడిపెకు గాలి అందడానికి ఇవి తోడ్పడతాయని భావిస్తారు.

ఫ్రాంకియా పేరు 1886లోనే వచ్చింది, కానీ దాన్ని మొక్క నుంచి వేరుచేసి ప్రయోగశాలలో పెంచడం ఎవరివల్లా కాలేదు. 92 ఏళ్ల తర్వాత, 1978లో, కల్లహామ్, డెల్ ట్రెడిచి, టోరీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఆ పని నమ్మదగ్గ రీతిలో సాధించారు. వారు ఎంచుకున్నది మైరికేసిలోని కాంప్టోనియా పెరిగ్రినా, ఫెర్న్ ఆకులాంటి చీలికల ఆకు గల అమెరికా పొద. నేడు సరుగుడు నారుకు పట్టించే ఫ్రాంకియా పెంపకమంతా ఆ విజయం వేసిన దారిలోనే నడిచింది. పాత తోటలోని మట్టిని తెచ్చి కొత్త నారుమడిలో కలిపే అలవాటు కూడా, తెలిసి చేసినా తెలియక చేసినా, ఈ బాక్టీరియాను మోసుకురావడమే.

2007లో మూడు రకాల ఫ్రాంకియా జన్యుక్రమాలను పోల్చినప్పుడు ఒక ఆసక్తికరమైన సంగతి తేలింది. సరుగుడుతో ఉండే రకానికి సుమారు 54 లక్షల జన్యు అక్షరాలుంటే, ఆల్డర్ అనే, భూర్జవృక్ష కుటుంబపు చెట్లతో ఉండే రకానికి సుమారు 75 లక్షలు, మరీ విస్తారంగా రకరకాల మొక్కలతో కలిసే రకానికి సుమారు 90 లక్షలు ఉన్నాయి. ఆశ్రయమిచ్చే మొక్కలు తగ్గేకొద్దీ బాక్టీరియా జన్యుసంపద కుదించుకుపోయిందని దీనికి వివరణ. మైరికేసి మొక్కల తీరు సరుగుడుకు వ్యతిరేకం. సరుగుడు ఒకటి రెండు రకాలకే తలుపు తీస్తుంది, మైరికా సెరిఫెరా వంటివి ఎన్నో రకాల ఫ్రాంకియాలను రానిస్తాయి.

ఈ సామర్థ్యం ఎన్నిసార్లు పుట్టింది అన్నది మాత్రం ఇంకా వాదంలోనే ఉంది. నత్రజని బుడిపెలున్న మొక్కలన్నీ చిక్కుడు, గులాబీ, దోస, ఓక్‌ల నాలుగు క్రమాల్లోనే ఉన్నాయని 1995లో డీఎన్‌ఏ పోలికలు చూపాయి. కానీ ఆ నాలుగింటిలోనూ బుడిపెలు లేని మొక్కలే ఎక్కువ. ఉద్దానం పనస గులాబీ క్రమంలోనిదే, దానికి బుడిపెలు లేవు. గుమ్మడి దోస క్రమంలోనిదే, దానికీ లేవు. ఒక వాదం ప్రకారం పూర్వీకుడికి కేవలం అనుకూలత మాత్రమే వచ్చింది, అసలు సామర్థ్యం తర్వాత చాలా చోట్ల విడివిడిగా పుట్టింది. 2018లో వెలువడిన రెండు జన్యు అధ్యయనాలు దీనికి ఎదురు వాదాన్ని బలపరిచాయి. బుడిపెలు లేని మొక్కల్లో అందుకు కావలసిన కొన్ని జన్యువులు చెడిపోయిన లేదా మాయమైన గుర్తులు కనిపించాయి గనుక, సామర్థ్యం మొదట ఒక్కసారి పుట్టి తర్వాత అనేక వంశాల్లో పోయి ఉండాలని వారి వాదన. ఒక్కసారి పుట్టిందంటే ఇన్నిసార్లు పోవడానికి కారణం చెప్పాలి, చాలాసార్లు పుట్టిందంటే ఒకే జన్యువులు అన్ని చోట్లా ఎలా వాడుకలోకి వచ్చాయో చెప్పాలి. నాకు ఒక్కసారే పుట్టిందన్న వాదమే మొగ్గుగా కనిపిస్తున్నా, చాలాసార్లు పుట్టిందన్నదాన్ని కొట్టిపారేసే దశ ఇంకా రాలేదు.

ఈ సామర్థ్యం అన్ని చోట్లా మేలే అనుకోవడం కూడా సరికాదు. అట్లాంటిక్ దీవుల నుంచి హవాయికి చేరిన మైరికా ఫాయా అక్కడి అగ్నిపర్వత నేలల్లో అడవిలా వ్యాపించి, నేలలోకి చేరే నత్రజనిని నాలుగు రెట్లకు పైగా పెంచిందని 1987లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. పేద నేలకు అలవాటుపడిన అక్కడి స్థానిక మొక్కలకు అది వరం కాదు, శాపమైంది. మన ఇసుక దిబ్బల మీద తిత్లీ వంటి తుపానుల గాలికి అడ్డుగా మనం నాటుకునే సరుగుడే అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో తొలగించవలసిన కలుపు చెట్టుగా మారింది.

మైరికా, మోరెల్లా: పేరు ఎవరికి దక్కాలి?

మైరికేసిలో ఇప్పుడు చాలామంది నాలుగు ప్రజాతులను గుర్తిస్తారు. వీటిలో రెండింటి విషయంలో తగాదా లేదు. ఒకటి ముందు చెప్పిన కాంప్టోనియా. ఇప్పుడు ఒకే జాతి మిగిలింది గాని, ఉత్తరార్ధగోళమంతటా దాని ఆకుల శిలాజాలు దొరుకుతాయి. మొక్కలకు రెండు మాటల పేర్లను స్థిరపరిచిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు లినేయస్ దీన్ని తప్పుగా లిక్విడంబర్ అనే వేరే ప్రజాతిలో కూడా వర్ణించాడు. లండన్ బిషప్ హెన్రీ కాంప్టన్ పేరు మీద ఇప్పటి పేరు తర్వాత వచ్చింది. రెండోది న్యూ కాలెడోనియా దీవిలోని కానకోమైరికా. కుటుంబంలో మరెవరికీ లేని ఆరు భాగాల పరిపత్రం దాని ఆడ పువ్వుకు ఉంది గనుక అసలు ఇది మైరికేసేనా అన్న అనుమానం ఉండేది, 2006లో డీఎన్‌ఏ ఆధారాలు అవునని తేల్చాయి.

తగాదా అంతా మిగిలిన పెద్ద గుంపు గురించే. 1753లో లినేయస్ మైరికా ప్రజాతిని స్థాపించినప్పుడు బురద నేలల మైరికా గేల్‌ను, కొవ్వు పూత కాయల మైరికా సెరిఫెరాను ఒకే ఇంటిపేరు కింద ఉంచాడు. ఈ రెండూ ఒకటి కావని తర్వాతివారికి అనిపించింది. గేల్ ఆకు రాల్చే పొద, దాని కాయ ఎండినది, పువ్వు కింద చిన్న ఆకుల్లా ఉండే రెండు లఘుపుచ్ఛాలు కాయకు అంటుకుని నీటిలో తేలడానికి తోడ్పడతాయి. సెరిఫెరా వంటివి ఎక్కువగా పచ్చగా ఉండేవి, వాటి కాయల మీద కొవ్వు లేదా రసం నిండిన బుడిపెలుంటాయి.

విడదీయాలనుకున్నప్పుడు పాత ఇంటిపేరు ఏ వాటాదారుకు వెళ్లాలి? ఉమ్మడి కుటుంబం పంచుకున్నప్పుడు పాత ఇల్లు ఎవరి వాటాకు వస్తుందన్నట్టే ఉంటుంది ఈ ప్రశ్న. వృక్షశాస్త్ర నామకరణ నియమాల ప్రకారం ప్రతి ప్రజాతికి ఒక ఆదర్శ జాతి ఉంటుంది. ఎన్ని ముక్కలు చేసినా పేరు ఆ జాతి ఉన్న ముక్కతోనే పోతుంది. 1901లో ఈ కుటుంబం మీద పెద్ద గ్రంథం రాసిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు షెవాలియే, మైరికా పేరును పెద్ద గుంపుకే ఉంచి బురద పొదకు గేల్ అన్న ప్రజాతి పేరు వాడాడు. కానీ లినేయస్ మైరికాకు ఆదర్శ జాతిగా మైరికా గేల్ స్థిరపడింది. కాబట్టి విడదీస్తే మైరికా పేరు గేల్‌తోనూ, కాలిఫోర్నియాలోని దాని ఒక్క తోడుతోనూ పోతుంది. మిగిలిన పెద్ద గుంపుకు, 1790లో పోర్చుగీసు మతప్రచారకుడు లౌరైరో ఆగ్నేయాసియా మొక్కల గ్రంథంలో యాంగ్‌మే చెట్టుకు పెట్టిన మోరెల్లా అన్న పేరు వర్తిస్తుంది. అమెరికా మొక్కలకు 1994లో, ఆఫ్రికా మొక్కలకు 1998లో ఈ పద్ధతిని అనుసరించి కొత్త పేర్లు కట్టారు.

దీనికి ఎదురు వాదమూ బలహీనమైనది కాదు. చైనా వృక్షజాతుల గ్రంథం 1999 సంపుటం యాంగ్‌మేను మైరికా రూబ్రాగానే ఉంచింది. కోట్ల మంది తినే పండుకు, ఔషధ గ్రంథాల్లో స్థిరపడిన బెరడుకు, వేల పరిశోధన పత్రాలకు ఉన్న పేరును మార్చితే కలిగే గందరగోళం చిన్నది కాదని వీరంటారు. ఇక్కడ డీఎన్‌ఏ ఆధారంగా గీసిన వంశవృక్షం ఒక హద్దు మాత్రమే గీస్తుంది. రెండు ముక్కలూ ఒకదానికొకటి అత్యంత దగ్గరివైతే, కలిపి ఒకే ప్రజాతిగా ఉంచడమూ విడదీయడమూ రెండూ న్యాయమే. మధ్యలో కాంప్టోనియా వంటి మూడోది చొరబడితే మాత్రం, దాన్ని కూడా కలుపుకోకుండా రెండింటినీ కలపడానికి వీలులేదు. అంతకు మించి అది వాడేవారి ఎంపిక.

మూడు పేర్లను విప్పి చూడడం

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్నకు తిరిగి రావచ్చు. కాయఫలం చెట్టును నేపాల్‌లో సేకరించి ఎస్క్యులెంటా అని పేరు పెట్టినవాడు ఫ్రాన్సిస్ బుకానన్ హామిల్టన్; 1825లో డేవిడ్ డాన్ తన నేపాల్ వృక్షజాతుల గ్రంథంలో దాన్ని ప్రచురించాడు. అందువల్ల మైరికా ఎస్క్యులెంటా అన్న పేరు వెనుక నిజంగానే ఈ చెట్టు ఉంది. మోరెల్లా ఎస్క్యులెంటా కూడా అదే చెట్టు, విడదీసే పక్షం వారు ఇంటిపేరు మార్చి రాసింది. ఈ రెండింటిలో ఏది రాసినా తప్పు కాదు, ఏ పక్షాన్ని అనుసరించారో తెలుస్తుంది, అంతే.

మూడోదైన మైరికా నాగి మాత్రం అలాంటిది కాదు. లినేయస్ శిష్యుడు థన్‌బర్గ్ 1784లో జపాన్‌లోని ఒక చెట్టుకు, అక్కడివారి నాగి అన్న పేరునే తీసుకుని, మైరికా నాగి అని పేరు పెట్టాడు. ఆ చెట్టు మైరికేసి కాదు, అసలు పువ్వులు పూసే మొక్కే కాదు. అది శంఖులు కట్టే చెట్ల వర్గంలోని పోడోకార్పేసికి చెందినది, ఇప్పుడు నాజియా నాగి అంటారు. పందొమ్మిదో శతాబ్దం చివరలో హుకర్ భారతదేశ వృక్షజాతుల గ్రంథంలో మన కాయఫలం చెట్టుకు ఈ పేరే వాడాడు, ఆయన ప్రభావం వల్ల అది వైద్య గ్రంథాలన్నిటిలో పాకిపోయింది. జాగ్రత్తగా రాసే పుస్తకాల్లో అందుకే మైరికా నాగి పక్కన హుకర్, నాన్ థన్‌బర్గ్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అంటే ఇది హుకర్ అనుకున్న చెట్టు, థన్‌బర్గ్ పేరు పెట్టిన చెట్టు కాదు అని అర్థం. ఆ చిన్న మాట లేకుండా మైరికా నాగి అని మాత్రమే రాస్తే, నియమాల ప్రకారం చదివేవాడికి జపాన్ శంఖు చెట్టు గుర్తుకు రావాలి.

1896లో పెర్కిన్, హమ్మెల్ అనే రసాయనశాస్త్రజ్ఞులు భారతదేశపు కాయఫలం బెరడు నుంచి ఒక పసుపు రంగు పదార్థాన్ని వేరుచేసినప్పుడు, ఆ బెరడును వారు మైరికా నాగి అనే రాసుకున్నారు. ఆ పదార్థానికి మైరికా మీదనే మైరిసెటిన్ అని పేరు వచ్చింది. అది ఒక్క ఈ కుటుంబానికే పరిమితం కాదని తర్వాత తెలిసింది. ఎన్నో మొక్కల్లో, అసలైన మిర్టిల్ కుటుంబానికి చెందిన మన నేరేడులో కూడా అది ఉంది. మోరెల్లా పక్షమే రేపు అన్ని పుస్తకాల్లో నెగ్గినా, నేరేడు పండును విశ్లేషించినవారు ఆ పదార్థాన్ని మైరిసెటిన్‌గానే రాసుకుంటారు.